మక్‌దూస్ పెట్టడం ఎలా: సిరియా ఇళ్లలో చలికాలానికి దాచుకునే వంకాయ

సిరియాలో సెప్టెంబర్ వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. స్కూళ్లు తెరుస్తారు, పుస్తకాలూ బట్టలూ కొనాలి. చలికాలం హీటర్‌లో పోసుకోవడానికి డీజిల్ కొనిపెట్టుకోవాలి. ఏడాదికి సరిపడా నిల్వ సరుకులు సిద్ధం చేసుకోవాలి. మక్‌దూస్ పెట్టాలి. మదారిస్ (స్కూళ్లు), మాజూత్ (డీజిల్), మూనే (నిల్వ సరుకులు), మక్‌దూస్ అని నాలుగూ 'మ'తోనే మొదలవుతాయని అక్కడివాళ్లు ఆ నెల మీద జోకులేసుకుంటారు. జీతం మాత్రం ఒక్కటే మరి.

ఈ నాలుగింటిలో మనం ఇంట్లో చేసుకోగలిగింది మక్‌దూస్. వేలెడంత వంకాయల్ని ఉడికించి, ఉప్పు పట్టించి, బరువు పెట్టి నీరంతా పిండేసి, వాల్‌నట్లూ ఎర్ర మిరపా వెల్లుల్లీ కూరి, ఆలివ్ నూనెలో ఊరబెడతారు. పుల్లగా, ఉప్పగా, కాస్త కారంగా ఉంటుంది, మధ్యలో వాల్‌నట్ పలుకు పంటికి తగులుతుంది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు సూపర్‌మార్కెట్ అరల్లో ఈ సీసాలు చూసే ఉంటారు. సీసాలో కొన్నదానికీ ఇంట్లో పెట్టినదానికీ చాలా తేడా ఉంటుంది. కొన్నదాంట్లో తరచూ వాల్‌నట్ తక్కువ, పులుపు ఎక్కువ.

మొదలుపెట్టే ముందు మూనే గురించి కొంచెం చెప్పాలి. మక్‌దూస్ ఒంటరి పచ్చడి కాదు, ఓ పెద్ద కుటుంబంలో ఒక సభ్యురాలు. మనకి మే నెలలో ఆవకాయ, వడియాలు ఎలాగో, సిరియా ఇళ్లకి ఎండాకాలం చివర మూనే అలాగ. బెండకాయల్ని దారానికి గుచ్చి దండలుగా ఎండబెడతారు. వంకాయల్లో గుజ్జు తీసేసి డొప్పల్ని వేలాడదీస్తారు, చలికాలంలో నానబెట్టి వాటిలో బియ్యం, మాంసం కూరి వండుతారు. ములూఖియా అనే ఆకుకూర ఎండుతుంది. గోధుమల్ని ఉడికించి, మేడ మీద ఆరబెట్టి, మర పట్టించి బుర్గుల్ చేస్తారు. నీరు వడకట్టిన గట్టి పెరుగు లబ్నేని ఉండలు చుట్టి నూనెలో వేస్తారు. అలెప్పో నగరంలో మేడల మీద ఎర్ర మిరప పళ్లేల నిండా ఎండుతూ ఉంటుంది. ఇవన్నీ అయ్యాక, చల్లగాలి మొదలవకముందే, మక్‌దూస్ వంతు వస్తుంది.

ఇది ఒక్కరు చేసే పనీ కాదు. వదినలు, అత్తాకోడళ్లు, పక్కింటివాళ్లు కూర్చుని ఒకరు గాటు పెడుతుంటే ఒకరు ఉప్పు రాస్తారు, ఒకరు కూరుతారు. ఒక్కో ఇంట్లో వందల కాయలు పెడతారు కాబట్టి ఇంకో దారి కూడా లేదు. మీరు కిలోతో మొదలుపెట్టండి, ఒక్కరే చేసుకోవచ్చు. కానీ కూరే రోజుకి ఇంకో మనిషి తోడుంటే పని సగం అవుతుంది, కబుర్లూ అవుతాయి.

ఎప్పుడు, ఏం కొనాలి

అక్కడి సెప్టెంబర్ మనకి పనికిరాదు. మన దగ్గర అప్పటికి వానలు ఆగవు, గాల్లో తేమ ఉంటుంది, బూజు తొందరగా పడుతుంది. సంక్రాంతికి అటూ ఇటూ, పండుమిరప మార్కెట్లోకి వచ్చే రోజులు దీనికి బాగుంటాయి.

ఒక కిలో వంకాయలకి కావలసినవి ఇవి: వాల్‌నట్లు రెండు వందల గ్రాములు, ఎర్ర క్యాప్సికమ్ నాలుగు వందల గ్రాములు, వెల్లుల్లి ఏడెనిమిది రెబ్బలు, ఎండుమిరప పలుకులు రెండు చెంచాలు, రెండు నిమ్మకాయలు, ఉప్పు మూడు నాలుగు పెద్ద చెంచాలు, ఆలివ్ నూనె అర లీటరు. అర లీటరుకి కాస్త అటూ ఇటూ కావచ్చు, సీసా వెడల్పుని బట్టి.

వంకాయల దగ్గర రాజీ పడకండి. గుత్తివంకాయకి ఏరుకునే చిన్న కాయలే, కానీ ఇంకా లేతవి. చేత్తో పట్టుకుంటే గట్టిగా, బరువు లేకుండా ఉండాలి. బరువుగా ఉన్న కాయలో గింజ ముదిరి ఉంటుంది. ఒకే సైజువి ఏరండి, లేకపోతే ఉడికేటప్పుడు చిన్నది చితికిపోతుంది, పెద్దది పచ్చిగా ఉండిపోతుంది. ఈ వంకాయ అసలు దక్షిణాసియా నుంచే పర్షియా మీదుగా అరబ్బుల వంటిళ్లకి చేరింది. వాళ్లు దాంతో చేసినన్ని వంటలు చూస్తే మనకి కొంచెం అసూయ కూడా కలుగుతుంది.

వాల్‌నట్లు కొనేముందు ఒకటి నోట్లో వేసుకుని చూడండి. మన వాతావరణంలో అవి తొందరగా మక్కిపోతాయి. కాస్త చేదు సహజమే, పొట్టుది. పాత నూనె వాసన వస్తే మాత్రం వద్దు, ఒక్క పలుకు చాలు సీసా అంతా చెడడానికి.

మిరప సంగతి. సిరియాలో వాడే ఎర్ర మిరపకి కండ ఎక్కువ, కారం మధ్యస్తం. అలెప్పో పేరుతో ప్రపంచమంతా అమ్ముడుపోయే ఎండుమిరప పలుకులు కూడా ఆ తరహావే: నూనె తగిలినట్టు మెత్తగా, కొంచెం తీపిగా ఉంటాయి. 2011లో మొదలైన యుద్ధంలో అలెప్పో చుట్టుపక్కల సాగు దెబ్బతింది, ఇప్పుడు బయట ఆ పేరుతో దొరికేదాంట్లో చాలా భాగం టర్కీ నుంచి వస్తుంది. దొరికితే సరే. దొరక్కపోతే బ్యాడిగి మిరపకాయల గింజలు తీసేసి కచ్చాపచ్చాగా దంచుకోండి. గుంటూరు కారం మాత్రం వేయకండి. మనకి బాగానే ఉంటుంది కానీ వాల్‌నట్ రుచి ఇక కనబడదు.

ఉడికించడం

తొడిమ కోసేసి, చుట్టూ ఉన్న ఆకుపచ్చ రేకుల్ని గోటితో వలిచేయండి. కండ తెగకూడదు. తెగితే అక్కడినుంచి నీళ్లు లోపలికి పోతాయి. కాయకి గాట్లు పెట్టకుండా అలాగే పెద్ద గిన్నెలో మరిగే నీళ్లలో వేయండి. వంకాయలు తేలతాయి కాబట్టి పైన ఒక పళ్లెం బోర్లించి కొంచెం బరువు పెట్టండి. పది పదిహేను నిమిషాలు చాలు.

ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక కాయ తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి చూడండి. లోపల గట్టి నరం లాంటిదేమీ తగలకూడదు, పైన తోలు మాత్రం చిట్లకూడదు. ఆ రెండింటి మధ్య సమయం చాలా తక్కువ, కాబట్టి పదో నిమిషం నుంచి పొయ్యి దగ్గరే ఉండండి. అవగానే చల్లటి నీళ్లలోకి మార్చండి. నీళ్లు ఊదారంగులోకి మారతాయి, కాయ రంగు వెలుస్తుంది. అది అంతే, కంగారు వద్దు.

ఉప్పు, బరువు: అసలు పని ఇక్కడే

చల్లారిన కాయకి ఒక పక్కన నిలువుగా ఒక్క గాటు పెట్టండి. చేతి అలవాటు కొద్దీ గుత్తివంకాయలా నాలుగు పక్షాలుగా చీల్చేస్తారేమో, జాగ్రత్త. గాటు రెండు చివర్లకీ చేరకూడదు, జేబులా ఉండాలి. ఆ జేబులోకి వేలితో ఉప్పు రాయండి. కళ్లుప్పుని దంచి వాడితే మంచిది. ఉప్పు తగ్గించాలన్న ఆలోచన ఇక్కడ వద్దు. ఇందులో చాలా వరకు నీళ్లతో పాటు పోతుంది, మిగిలేది కాయని కాపాడుతుంది.

చిల్లుల గిన్నెలో కాయల్ని గాటు కిందికి ఉండేలా దగ్గర దగ్గరగా పేర్చండి. పైన పళ్లెం, దాని మీద బరువు. సన్నికల్లు పొత్రం ఉంటే అంతకంటే కావలసిందేముంది. లేకపోతే నీళ్ల క్యాన్ పెట్టండి. కింద ఇంకో గిన్నె ఉంచితే ఊట అందులో పడుతుంది. ఒక రోజంతా అలా వదిలేయాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. మధ్యలో ఒకసారి ఊట పారబోసి, కాయల్ని పైవి కిందికీ కిందివి పైకీ మార్చండి.

మర్నాడు చూస్తే కాయలు సగానికి సగం అణిగి, తోలు ముడతలు పడి, బల్లపరుపుగా ఉంటాయి. ఒకటి తీసి అరచేతిలో నొక్కండి. చుక్క రాలితే ఇంకా కాలేదు, మళ్లీ బరువు కిందికి. మక్‌దూస్ చెడిపోవడానికి కారణం వెతికితే నూటికి తొంభై సార్లు ఇక్కడే దొరుకుతుంది. నూనె మంచిదే, వాల్‌నట్ మంచిదే, కాయలో నీరు మిగిలిపోయింది.

ఎర్ర క్యాప్సికమ్ పని కూడా ఈ రోజే మొదలుపెట్టండి. గింజలు తీసి, సన్నగా తరిగి లేదా మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, చెంచాడు ఉప్పు కలిపి, పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. పొద్దున గట్టిగా పిండితే గుప్పెడంత పొడి ముద్ద మిగులుతుంది. నాలుగు వందల గ్రాములకి ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. ఎండ బాగుంటే ఒక పూట పళ్లెంలో పరిచి ఆరబెట్టండి, రుచి ఇంకా చిక్కబడుతుంది.

కూరడం

వాల్‌నట్లని కత్తితో చిన్న పలుకులుగా కొట్టండి. మిక్సీలో వేస్తే పొడై నూనె కక్కుతుంది, తినేటప్పుడు పంటికి ఏమీ తగలదు. వెల్లుల్లి దంచండి. పిండిన క్యాప్సికమ్, మిరప పలుకులు, ఇంకో చెంచాడు ఉప్పు, రెండు నిమ్మకాయల రసం కలపండి. నిమ్మరసం సంప్రదాయంలో ఉన్నది కాదు, అలెప్పో పెద్దావిడ చూస్తే మూతి తిప్పుకుంటుంది. ఎందుకు వేయమంటున్నానో కింద చెప్తాను.

ఒక్కో జేబులోకి చెంచాడు ముద్ద కూరి, అంచులు దగ్గరికి నొక్కండి. కక్కుర్తి పడకండి, కాయ పొట్ట కనబడేలా ఉబ్బాలి. లోపల ఏముందో, ఎంతుందో అనేదాంట్లో సిరియా ఇంటి ఆర్థిక పరిస్థితి తెలిసిపోతుంది. యుద్ధం, ఆ తర్వాత కరెన్సీ పతనం వల్ల వాల్‌నట్ ధర అందనంత పైకి వెళ్లినప్పుడు చాలా ఇళ్లలో వేరుశెనగ పప్పు కూరారు, ఆలివ్ నూనెలో సగం మామూలు వంటనూనె కలిపారు, వందల కాయలు పెట్టే ఇళ్లు కొద్ది కాయలతో సరిపెట్టుకున్నాయి. అయినా పూర్తిగా మానేయడానికి మనసొప్పలేదు. మీరు కూడా బడ్జెట్ చూసుకుని వేరుశెనగతో చేయాలనుకుంటే తప్పేమీ లేదు. దోరగా వేయించి, పొట్టు తీసి, దంచి వాడండి. రుచి మారుతుంది, బాగానే ఉంటుంది.

సీసా, నూనె, ఫ్రిజ్

సీసాని వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి చుక్క తడి లేకుండా ఆరబెట్టండి. కాయల్ని గాటు పక్కకి ఉండేలా, సందు లేకుండా పేర్చండి. నిండాక నూనె వెంటనే పోయొద్దు. సీసా మూతికి చిల్లుల పళ్లెం అడ్డుపెట్టి గిన్నె మీద బోర్లించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అయిపోయిందనుకున్న నీరు ఇంకా ఎంత దిగుతుందో చూసి ఆశ్చర్యపోతారు. సిరియాలో అందరూ చేసే పని ఇది, దీన్ని దాటవేస్తే మొదటికే మోసం.

మర్నాడు సీసా నిలబెట్టి ఆలివ్ నూనె మెల్లగా పోయండి. శుభ్రమైన పొడి చెంచా కాడతో పక్కలు కదిపితే గాలి బుడగలు పైకి వస్తాయి. కాయలు పూర్తిగా మునగాలి, పైన వేలు మందం నూనె నిలవాలి. రెండు రోజులకి మళ్లీ చూడండి, వాల్‌నట్లు నూనె తాగి మట్టం దిగి ఉంటుంది. ఇంకొంచెం పోయండి. సిరియాలో ఆలివ్ అంటే ఇద్లిబ్, అఫ్రిన్ ప్రాంతాల పేర్లే ముందు చెప్తారు. ఆ నూనె చిక్కగా, గొంతులో కాస్త ఘాటుగా ఉంటుంది. మనకి దొరికేవాటిలో ఎక్స్‌ట్రా వర్జిన్ ఏదైనా పర్వాలేదు. ధర చూసి గుండె ఆగినంత పనైతే, సగం పొద్దుతిరుగుడు నూనె కలపండి. నువ్వుల నూనె వద్దు, వాసన అంతా అదే అయిపోతుంది.

ఇప్పుడు నిమ్మరసం సంగతి. అక్కడ ఈ సీసాలు చల్లటి సామాన్ల గదిలో నెలల తరబడి ఉంటాయి. ఉప్పు, సహజంగా వచ్చే పులుపు, నీరు లేకపోవడం, ఈ మూడూ కలిసి కాపాడతాయి. వాళ్లకి చేతి కొలత తరాల నుంచి వచ్చింది, చలీ తోడుంటుంది. మనకి ఆ రెండూ లేవు. గాలి తగలకుండా నూనెలో ఉన్న కూరగాయ, వెల్లుల్లి ఉన్నచోట పులుపూ ఉప్పూ చాలకపోతే బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది. దానికి వాసన, రంగు ఉండకపోవచ్చు, కాబట్టి చూసి పసిగడదామంటే కుదరదు. అందుకని నిమ్మరసం వేయండి, ఉప్పు తగ్గించకండి, సీసాని మొదటి రోజు నుంచీ ఫ్రిజ్‌లోనే ఉంచండి, రెండు వారాల్లో తినేయండి. మూత ఉబ్బినా, తెరవగానే బుస్సుమన్నా, నూనె మసకబారి నురగ కట్టినా రుచి చూడకుండా పారేయండి. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె పేరుకుని తెల్లబడటం మాత్రం మామూలే, బయట పెడితే కరుగుతుంది.

కిలో కాయలు రెండు వారాల్లో అవవు అనుకుంటే, కూరిన కాయల్లో సగం నూనె పోయకుండా డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేయండి. కావలసినప్పుడు తీసి, కరిగాక నీరు ఒత్తేసి, అప్పుడు నూనెలో వేసుకోవచ్చు. సిరియన్ ఇల్లాళ్లు కూడా ఈ మధ్య ఇలా చేస్తున్నారు, కరెంటు ఉన్నచోట. లేనిచోట అది కుదరదు. యుద్ధ కాలంలో రోజుకి కొద్ది గంటలే కరెంటు వచ్చేసరికి ఫ్రీజర్లలో దాచిన బఠాణీలు, చిక్కుళ్లు పాడైపోయి, చాలామంది మళ్లీ ఎండబెట్టడం, ఉప్పులో ఊరబెట్టడం వైపే తిరిగారు. ఇంత కష్టకాలంలోనూ మక్‌దూస్ నిలబడిందంటే, దానికి కరెంటు అక్కర్లేకపోవడం ఒక పెద్ద కారణం.

ఎలా తినాలి

వారం ఆగండి. ముందే తింటే ఉప్పు ఒకచోట, కారం ఒకచోట ఉన్నట్టు ఉంటుంది.

దీని చోటు పొద్దుటి టిఫిన్ బల్ల మీద. సిరియాలో టిఫిన్ అంటే ఒక వంటకం కాదు, చిన్న చిన్న గిన్నెలు: లబ్నే మీద నూనె, ఎండు ఆకులు, నువ్వులు కలిపిన జాతర్ పొడి, పక్కన ఇంకో గిన్నెలో నూనె, ఆలివ్ కాయలు, తెల్ల జున్ను, టమాటా, కీరదోస, పుదీనా కొమ్మలు, గుడ్డు, నేరేడుపండు రంగు వచ్చేదాకా మరిగించి చిన్న గాజు గ్లాసులో పోసిన తీపి టీ. మధ్యలో మక్‌దూస్ పళ్లెం. పలచటి రొట్టె తుంచి, దాంతోనే కాయ ముక్కని ఒత్తి తీసుకుంటారు, చెంచా అక్కర్లేదు. మనకి పిటా దొరక్కపోతే మెత్తటి పుల్కా సరిపోతుంది. పెరుగు గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే, చిటికెడు ఉప్పు కలిపి లబ్నేలా పక్కన పెట్టుకోవచ్చు. ఇది ఉంటేనే మక్‌దూస్ ఉప్పుకి సరిజోడు.

శుక్రవారం సెలవు రోజున ఈ బల్ల పెద్దదవుతుంది. డమాస్కస్‌లో ఆ పూట ఫూల్ అనే చిక్కుడు గింజల వంటకం, నానిన రొట్టె ముక్కల మీద శనగలు, తహీనీ అనే నువ్వుల ముద్ద పోసిన ఫత్తే బయటినుంచి తెచ్చుకుంటారు. పెళ్లయి వెళ్లిన పిల్లలు వస్తారు, మధ్యాహ్నం ప్రార్థన దాకా లేవరు. మాంసం, పాలు ఏమీ తగలవు కాబట్టి అక్కడి క్రైస్తవుల ఉపవాస రోజుల్లోనూ మక్‌దూస్ బల్ల మీద ఉంటుంది. మన దగ్గర మాంసం మానేసిన రోజులకీ పనికొస్తుంది, వెల్లుల్లి పట్టింపు లేకపోతే.

ఎవరైనా సిరియన్ ఇంట్లో మీకు మక్‌దూస్ పెడితే ఒక మాట గుర్తుంచుకోండి. తింటున్నవాళ్లని చూసి 'సహ్‌తేన్' అంటారు, రెండింతల ఆరోగ్యం మీకు అని. వండిన ఆవిడకి 'యిస్లమూ ఇదేకీ' అంటే ఆవిడ చేతులకి దీవెన. మొదటిసారి వద్దన్నా రెండోసారి, మూడోసారి వడ్డిస్తారు, దాన్ని బలవంతం అనుకోవద్దు. పళ్లెం ఖాళీగా ఉంటే ఇంకా ఆకలిగా ఉందనుకుంటారు, చాలు అనుకున్నప్పుడు కొంచెం మిగల్చడమే సులువైన దారి. బెర్లిన్ జొన్నెనాలే వీధిలోనో, ఇస్తాంబుల్‌లోనో సిరియన్ కొట్లలో మక్‌దూస్ అమ్ముతారు కానీ, ఇంటివాళ్లు 'మా అమ్మ పెట్టింది' అని తెచ్చి పెట్టారంటే అది మీకిచ్చిన మర్యాద.

కాయలన్నీ అయిపోయాక సీసా అడుగున నూనె మిగులుతుంది, వెల్లుల్లి, మిరప, వాల్‌నట్ నుసితో ఎర్రగా. అది పారేయకండి, అలాగని మళ్లీ కొత్త కాయలకీ వాడకండి. పెనం మీద రెండు చెంచాలు వేసి, అందులో గుడ్లు కొట్టండి. లేదా ఉడికిన బంగాళాదుంపల మీద వేడివేడిగా పోసి ఉప్పు చూసుకోండి, చాలా వరకు వేయక్కర్లేదు.